జ్వరాల గదిలో ఆగమన కాలం

మొన్న ఏలూరులో మా గుడి వాకిట్లో కుర్రాళ్లు ఆటోలోంచి వరిగడ్డి దింపుతున్నారు. క్రిస్మస్‌కి పశువుల పాక కట్టడానికట. "కాస్త పక్కకి జరగండి తాతగారూ, గుచ్చుకుంటుందండీ" అన్నాడొకడు. జరిగాను. కానీ కొత్తగడ్డి వాసన తగిలేసరికి, ఎనభై దాటిన ఈ వయసులో కూడా, ఎవరైనా నన్ను చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను.

పంతొమ్మిది వందల ముప్పైల్లో నేను ఈ ఊళ్లోనే ఫాదర్ల బళ్లో, బోర్డింగులో ఉండి చదువుకున్నాను. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో మిషను బడి పంతులు. పంతులుగారబ్బాయి అన్నిట్లోనూ ముందుండాలని ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. అనకుండానే నాకు తెలిసిపోయేది. క్రిస్మస్‌కి ముందు ఆగమన కాలం వస్తే గుడిలో ఊదారంగు వస్త్రాలు, పళ్లెంలో రోజూ అదే పప్పు, చన్నీళ్ల స్నానాలు. మా పెద్ద ఫాదరుగారు పడమటి దేశం నుంచి వచ్చినాయన. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు కాబట్టి మాతో కూడా పుస్తకంలాగే మాట్లాడేవారు. ఒక ఏడు గుడిలో పీఠం పక్కన ఖాళీ కొయ్యతొట్టి ఒకటి పెట్టించి, "ఎవరికిని చెప్పక చేసిన ప్రతి మంచి కార్యమునకు ఒక గడ్డిపోచ ఇందు వేయవలెను. బాలయేసు దానిపై పరుండును" అన్నారు.

ఎవరికీ చెప్పకుండా అన్న మాట తప్ప మిగతాదంతా మేం పాటించాం. వంటతాత బావి దగ్గరికి వెళ్తే చాలు, నలుగురం చేద తాడు పట్టుకుని వేలాడేవాళ్లం. బిందె ఒలికిపోయేది. "నన్ను నా పని చేసుకోనివ్వండయ్యా, మీకు దణ్ణం పెడతాను" అని ఆయన మొత్తుకునేవాడు. కాపలావాడి ఆవుకి ఎవరికి వాళ్లం మేత పెట్టేసరికి దానికి కడుపుబ్బింది. ఇంత పోటీలో నాకొక్కడికే ఒక మంచి బేరం దొరికింది. కొల్లేటి లంక నుంచి వచ్చి మా తరగతిలో చదివే అబ్బాయికి చలిజ్వరం పట్టుకుంది. వరండా చివర జ్వరాల గదిలో వేశారు.

మందు కంపౌండరు ఇచ్చేవాడు. మిగతావన్నీ నేను అడిగి మరీ తీసుకున్నాను. గంజి తాగించడం, నుదుటిమీద తడిగుడ్డ వేయడం, పాఠం చదివి వినిపించడం. అతను వణుకు తగ్గినప్పుడల్లా వాళ్ల ఊరి సంగతులు చెప్పేవాడు. వాళ్లమ్మ తాటిదోనె మీద నిలబడి ఒక్కర్తీ నీళ్లలోకి ఎలా వెళ్తుందో, చలికాలం పిట్టలు దిగితే మాట వినపడనంత గోల ఎలా ఉంటుందో. నేను ఊఁ కొడుతూ, గంజికొకటి, గుడ్డకొకటి అని లెక్క వేసుకునేవాణ్ని. గదిలోంచి తిన్నగా గుడికి వెళ్లి తొట్టిలో గడ్డి వేసేవాణ్ని. అతని మంచం పక్క కిటికీలోంచి గుడి తలుపు కనిపిస్తుందని నాకు తోచలేదు.

ఒకరోజు సాయంత్రం గంజి తీసుకెళ్తే అతను లేచి కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ నేనే తాగుతాలేరా" అన్నాడు. తరవాత, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు: "నాకు తగ్గిపోతే నీకు ఇబ్బంది కదా?"

ఆ పొద్దున్నే కంపౌండరు "జ్వరం జారింది" అన్నప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం కాదు. అది అతని మొహంలో చూసేదాకా నాకే తెలియదు. గిన్నె అక్కడ పెట్టి బయటికి వచ్చేశాను. చెవులు కాలిపోతున్నాయి.

ఫాదరుగారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. "నేను వేసిన గడ్డి తీసేస్తానండీ" అన్నాను.

"తీయనక్కరలేదు. శిశువునకు మెత్తగా ఉండిన చాలును, ఎవరిదని అడుగడు" అన్నారాయన. "నీవు పోయి ఆ బాలుని చెంత కూర్చుండుము. ఏమియు చేయకుము."

ఏమీ చేయకుండా కూర్చోవడం నాకు అంతవరకూ ఎవరూ చెప్పని పాఠం. గోడవారన స్టూలు మీద కూర్చున్నాను. అతను అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు మళ్లీ వణుకు వచ్చింది. దుప్పటి కప్పబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"కప్పరా, చలేస్తోంది" అన్నాడు. కప్పాను. కాసేపటికి, "ఎందుకొచ్చావు?" అన్నాడు.

"ఊరికే."

మళ్లీ పిట్టల కబుర్లు మొదలుపెట్టాడు. ఈసారి విన్నాను.

పండగకి ముందే వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. జ్వరం నయమైందని తెలిసింది గానీ, చేపల పనిలో మనిషి చాలక మళ్లీ బడికి పంపలేదు. నేను నాన్నగారిలాగే పంతుల్నయ్యాను. పని చేసిన ప్రతి బోర్డింగులోనూ జబ్బుపడ్డ పిల్లల్ని చూసే పని నాకిమ్మని అడిగేవాణ్ని. అందరూ జాలిగుండె అనుకునేవారు.

చాలా ఏళ్ల తరవాత ఏలూరు చేపల బజారులో ఎవరో చెయ్యి పట్టుకున్నారు. చూస్తే అతనే, మీసాలు నెరిసి. పక్కనున్న భార్యతో, "చిన్నప్పుడు జ్వరమొస్తే నా దగ్గర కూర్చున్నది ఈయనేనే. ఎవరూ కూర్చోలేదు, ఈయనొక్కరే" అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను. "మీరుండండి పంతులుగారూ" అని బలవంతంగా నా సంచిలో చేపలు వేశాడు. తల దించుకుని తెచ్చుకున్నాను.

కాలం అతని దగ్గర ఆ చివరి రోజుల్ని మాత్రం ఉంచి మిగతావి తుడిచేసింది. నా దగ్గర దేన్నీ తుడవలేదు.