సంతకం చెయ్యాల్సిన అన్న

కోలారు జిల్లా ఆండర్సన్‌పేటలో ఫ్లెక్సులు కొట్టే అంగడిలో నాది పని. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, చావులు, అన్నింటికీ ఫోటోలు జోడించి అక్షరాలు పేర్చేది నేనే. ఆ వీధి వెనకాలే రెండు గదుల ఇంట్లో పదకొండేళ్లు ఒకామెతో కాపురం చేసినాను. ఆమెది బేతమంగళ పక్కన పల్లె. రోజూ బస్సులో పోయి అక్కడి గవర్నమెంటు బడిలో పాఠం చెప్పి వచ్చేది. ఇల్లుగలామెకు మేము అక్కచెల్లెళ్ల బిడ్డలమని చెప్పుకున్నాము. ఆ అబద్ధం నాకు మంట. ఆమెకు అదే నెమ్మది.

"బయటోళ్లకు తెలిస్తే మనకేమొస్తుంది?" అనేది.

ఆడది ఆడదాన్ని పెళ్లి చేసుకోవచ్చునా అనే కేసు సుప్రీం కోర్టులో నడిచినన్ని రోజులూ మాత్రం ఆమె వేరే మనిషి. బడిలో పిల్లోళ్లు అన్నం తినేటప్పుడు చెవిలో వైరు పెట్టుకొని ఫోన్లో లాయర్ల మాటలు వినేదంట. ఒక సాయంత్రం సంగటి కెలుకుతా, నా మొకం చూడకుండా అడిగింది. "ఒప్పుకుంటే రిజిస్ట్రార్ ఆఫీసుకు పోదామా?"

కోర్టు ఒప్పుకోలేదు. చట్టం చేసేది పార్లమెంటు పని, మాది కాదు అనేసింది. మూడో రోజు ఆమె అన్న మా ఇంటికొచ్చినాడు. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉండాయి ఆయనకు, ఊర్లో మాట చెల్లే మనిషి. పేపరు పరిచి ఆ వార్త మీద వేలు పెట్టినాడు.

"చూడమ్మా, కోర్టే చెప్పింది. మీది ఏమీ కాదంట. ఇంగైనా ఇంటికి రా."

ఆయనకు మా సంగతి తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. ఆమె పోలేదు. కాఫీ ఇచ్చి పంపించింది.

మరుసటేడు ఒక పొద్దున బడిలో బోర్డు మీద రాస్తా రాస్తా పడిపోయింది. హెడ్ టీచరమ్మ కోలారులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయి నాకు ఫోన్ చేసింది. నేను పోయేటప్పటికి డాక్టరు కాగితం పట్టుకొని నిలబడినాడు. తలలో రక్తం కారుతాంది, ఆపరేషన్ చెయ్యాలన్నాడు. నేను పెన్ను తీసుకున్నాను.

"మీరేమవుతారు?" కౌంటర్లో గుమాస్తా అడిగినాడు.

"ఒకే ఇంట్లో ఉంటాము."

"అది కాదమ్మా. రక్తసంబంధం కావల్ల. లేదంటే మొగుడు."

అన్నకు ఫోన్ చేసినాను. కోలారులోనే, పట్టుగూళ్ల మార్కెట్లో ఉన్నాడు. అక్కడినుంచి ఆస్పత్రికి నడిచినా ఇరవై నిమిషాలు.

"వేలం మధ్యలో ఉండాను. ముగించుకొని వస్తా. నేనొచ్చేదాకా ఎవరూ కాగితం ముట్టుకోవద్దని చెప్పు," అన్నాడు.

మళ్లీ నాలుగు సార్లు చేసినాను, ఎత్తలేదు. మూడు గంటల సేపు గడిచినాక వచ్చి సంతకం పెట్టినాడు. ఆపరేషన్ అయింది. రెండో రోజు ఆమె పోయింది. ముందే చేసుంటే బతికేదా అని డాక్టర్ని అడిగినాను.

"చెప్పలేమమ్మా," అన్నాడు.

శవాన్ని తీసుకుపోయే వ్యాను వెనకాలే పల్లెకు పోతే ఆమె అన్న నన్ను వాకిట్లోనే ఆపినాడు. "ఇది ఇంటోళ్ల కార్యం. నువ్వు బస్సెక్కు." ఆమె మొకం కూడా చూడనీలేదు. బస్సులో నాకు ఏడుపు రాలేదు. ఈ మనిషిని ఏం చెయ్యాల, ఎట్ల చెయ్యాల అని ఒకటే ఆలోచన. ఆ ఆలోచనతోనే సంవత్సరం గడిపినాను.

సంవత్సరీకం దగ్గరికొచ్చేటప్పటికి ఆయన పంచాయితీ ఎలక్షన్లో నిలబడాలని చూస్తాండాడు. బేతమంగళ బస్టాండులో కట్టేదానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సు కావాలని ఆయన మనిషి మా అంగడికొచ్చినాడు. నేను ఎవరో అతనికి తెలీదు. టీచరమ్మ ఫోటో పక్కన అన్న ఫోటో, చేతులు జోడించినట్ల, ఆమెకన్నా పెద్దగా. ఆమెది మా ఇంట్లో ఇద్దరమూ తీసుకున్న ఫోటోనే. పక్కనున్న నన్ను కత్తిరించేసినారు గానీ, ఆమె భుజం మీద నా నాలుగు వేళ్లు మిగిలినాయి.

"అక్కా, ఆ వేళ్లు తీసేయండి," అన్నాడు.

తీసేసినాను. పని పనే. చీర రంగు నింపి, వేళ్లుండిన గుర్తు లేకుండా చేసి ఇచ్చినాను. తర్వాత అదే కొలతకు నాదొకటి కొట్టినాను. ఫోటో పూర్తిగా, ఇద్దరమూ. కింద కన్నడలో రాసింది ఇంతే: పదకొండేళ్లు కాపురం చేసినాము. ఆపరేషన్ సంతకం కోసం మూడు గంటలు కాచుకున్నాను. సంతకం చెయ్యాల్సిన అన్న గూళ్ల వేలంలో ఉన్నాడు.

సంవత్సరీకం పొద్దున ఆయన ఫ్లెక్సుకు ఎదురుగా నా చేతులతో కట్టినాను.

మధ్యాహ్నానికే అంగడికొచ్చినాడు. మొకం నల్లబడి ఉండాది.

"తీసెయ్ అమ్మా. ఇంటి పరువు."

"యాడ అబద్ధం ఉండాదో చెప్పప్పా. దిద్దుతాను."

నిలబడినాడు. ఆయన అట్ల నిలబడింది చూసేదానికే నేను సంవత్సరం బతికినాను. లేచి కుర్చీ కూడా వెయ్యలేదు.

ఆయన చింపించినాడు. నేను ఇంగొకటి కట్టినాను. అది కూడా చింపించేలోపల ఊరంతా చదివింది. మా కాపురం మాట విని మూతి తిప్పినోళ్లు ఉండారు. వేలం మాట దగ్గర మాత్రం ఎవరూ ఆయన్ని వెనకేసుకు రాలేదు. ఆ పొద్దు మార్కెట్లో ఆయన పక్కనే గూళ్లు పోసుకొని కూర్చున్న రైతులకు గుర్తుండాది. టీ అంగట్లో ఒకాయన, "ఆ పొద్దు గూళ్లు బాగా పోయినాయా?" అని అడిగినాడంట. ఆయన నామినేషన్ వెయ్యలేదు. ఆ సుద్ది విన్నప్పుడు నేను ఒంటరిగా కూర్చొని బిర్యాని తెప్పించుకొని తిన్నాను.

కొన్ని నెలలకు బంగారుపేటలో బస్సెక్కితే ఆయన భార్య నా పక్కన వచ్చి కూర్చుంది.

"మీ ఇద్దరి సంగతి ఆమె నాకు ఆరేళ్ల ముందే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకొని ఒట్టేయించుకుంది. నేను నా మొగుడికి కూడా చెప్పలేదు. నువ్వు తీసుకొచ్చి బస్టాండులో కట్టినావు."

ఆమె బేతమంగళలో దిగిపోయింది.

నిజమే. మా ఆమె ఉండుంటే నాతో నెల రోజులు మాట్లాడేది కాదు. ఆ తప్పు నాది, మోస్తాను. ఆయన మాత్రం ఇంగొకసారి ఎలక్షన్ మాట ఎత్తితే, ఇంగొకటి కడతాను.