సత్తెక్క గొంతెత్తి అడిగిన నకలు

డబ్బింగ్ కళాకారిణి సత్తెమ్మగారు ఇక లేరన్న మాట నాకు ఫిల్మ్‌నగర్‌లో రికార్డింగ్ థియేటర్ మెట్ల మీద తెలిసింది. ముందురోజు సగం చెప్పి ఆపిన తల్లి పాత్రను పూర్తి చెయ్యడానికి ఆమె ఆ ఉదయం రావాలి. ఆమె కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాను. నిద్రలోనే ప్రాణం పోయిందని పక్క ఫ్లాట్ వాళ్ళు ఫోన్ చేశారట. నేను తేరుకోకముందే లోపలి నుంచి ఎవరో, "అయ్యో, మరి మిగిలిన సీన్లు ఎవరు చెబుతారండీ?" అన్నారు. ఆమె మరణవార్తకు మా పరిశ్రమ నుంచి వచ్చిన మొదటి సమాధానం అది. ఆ మాట విని నాకు సిగ్గేసింది. ఆ తర్వాతి రోజుల్లో ఆ సిగ్గు పెరిగిందే గానీ తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి దుఃఖం ఎంత కారణమో సిగ్గూ అంతే కారణం.

తెలుగు తెర మీద కన్నీరు పెట్టిన తల్లుల్లో, అక్షింతలు వేసి దీవించిన అత్తల్లో ఎందరికో ప్రాణం పోసిన గళం ఆమెది. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. సిద్దిపేట వైపు పల్లెలో పుట్టిన మనిషి. బయట "ఏంది పిల్లా, తిన్నవా?" అని పలకరించే ఆమె మైకు ముందు నిలబడగానే కోస్తా ఇల్లాలై "ఏవండీ, వడ్డించమంటారా?" అనేది. ఆ పలుకులోని నైర్మల్యం కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన నాకే పట్టుబడేది కాదు. నేను ఆమె దగ్గర శిష్యరికం చేసింది నా సొంత యాస నేర్చుకోవడానికే అంటే నమ్ముతారా? "మీ మాట మీకంటె నాకే మంచిగొస్తది. మీరు అండ్ల పుట్టిన్రు, నేను కష్టపడి నేర్చిన," అని ఏడిపించేది.

ఆ "ఏవండీ"యే ఆమె కాపురానికి అడ్డం వచ్చింది. ఒకరోజు భర్త థియేటర్‌కి వచ్చాడట. అద్దం అవతల నిలబడి, భార్య తెర మీది మగవాణ్ణి "ఏవండీ" అని పిలవడం విన్నాడు. "ఇంటి ఆడిది పరాయోణ్ని ఏవండీ అంటదా?" అని అందరి ముందూ చెయ్యి చేసుకున్నాడు. అదే మొదటిసారి కాదు గానీ, ఆమె భరించిన ఆఖరిసారి మాత్రం అదే. సొంత ఊరి దగ్గరి కోర్టులో విడాకులకు వేసింది, గెలిచింది. తర్వాత ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే నవ్వేసేది. "తెర మీద ఎందర్ని ఏవండీ అన్ననో. ఇంట్ల ఒక్కన్ని అనబుద్ధి గాలె," అనేది.

ఇరవై ఏళ్ళు పైగా కిరాయి ఇళ్ళలోనే గడిపింది. కొండల అవతల సాఫ్ట్‌వేర్ కంపెనీలు మొలిచాక మా పేటలో ఇల్లు దొరకడం గగనమైంది. పెద్ద జీతాల కుర్రాళ్ళకు ఇచ్చుకుంటామని శ్రీనగర్ కాలనీలో ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. కొత్త ఇల్లు అడగబోతే ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న: "మీ సారు ఏం జేస్తరమ్మా?" విసిగిపోయి, ఫిల్మ్‌నగర్‌లో చిన్న ఫ్లాట్ ఒకటి మాట్లాడుకుంది. తీరా చూస్తే అప్పు దగ్గర బ్యాంకు లాయరు మోకాలడ్డాడు. పాత కాగితాలన్నిటిలోనూ ఆమె పేరు పక్కన భర్త పేరే ఉంది కాబట్టి, భర్త సంతకమైనా పెట్టించాలి, విడాకుల డిక్రీ నకలైనా తేవాలి అన్నాడు. ఆమె దగ్గరున్న డిక్రీ కాగితం ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది. "ఆయన సంతకంతోని ఇల్లు నాకొద్దు. సడక్ మీద పండుకుంట గానీ," అని తేల్చేసింది.

అలా నన్ను వెంటబెట్టుకుని ఆ చిన్న పట్నం కోర్టుకు బయలుదేరింది. నకలు కావాలంటే కేసు నంబరు ఉండాలి, లేదా సంవత్సరమైనా చెప్పాలి. నంబరు గుర్తులేదు. సంవత్సరం మాత్రం తడుముకోకుండా చీటీ మీద రాసి కిటికీలోంచి అందించింది. గుమాస్తా చాలాసేపు వెతికి వచ్చి, "గా ఏడాదిల మీ పేరు మీద కేసే లేదమ్మా," అన్నాడు. అరుగు మీద కూలబడింది. ఆ ఏడాదేనని ఎలా గుర్తుందని అడిగాను.

"ఎట్ల మర్సిపోత పిల్లా! తీర్పు జెప్పే దినం పొద్దుగాల పెండ్లికూతురి తల్లికి దీవెన సీను జెప్పి, గట్లనే బస్సెక్కొచ్చిన. గా సినిమా వచ్చింది గా ఏడే."

ఆ సినిమా నాకూ తెలుసు. నిర్మాతల గొడవల్లో పడి రెండేళ్ళు డబ్బాల్లోనే మగ్గింది. "అక్కా, అది రిలీజైన ఏడు! నువ్వు డబ్బింగ్ చెప్పిన ఏడు కాదు!" అన్నాను. ఒక్క క్షణం తెల్లబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. విడుదల తేదీలతో బతుకు లెక్కపెట్టుకునే తెలివి మా సినిమావాళ్ళకే చెల్లింది.

మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి గుమాస్తా విసుగ్గా ఉన్నాడు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. "మల్ల ఏందమ్మా? ఏం కేసు?" అన్నాడు. సత్తెక్క గొంతు తగ్గించి, సినిమా భాషలో, "ఒక కుటుంబ వ్యవహారమండీ," అంది. "జర గట్టిగ చెప్పు, ఇనొస్తలేదు." వెనకున్న ముసలాయన తల ఎత్తి, "గీ గొంతు సినిమాల తల్లిది గాదు?" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. ఎన్నో థియేటర్లను తన గొంతుతో నింపిన మనిషి తల వంచేసుకుంది. ఆమెతో వచ్చినదాన్ననిపించుకోవడానికి నాకూ మొహం చెల్లక గోడ వైపు తిరిగాను. ఇంతలో నా వెనక నుంచి ఆమె మాట వినబడింది. అది ఏ సినిమాలోనూ ఎవరూ వినని గొంతు, ఆమె ఊరిది.

"నా మొగడు నన్ను ఇడిసిపెట్టలేదు. నేనే ఆయన్ని ఇడిసిపెట్టిన. గా విడాకుల నకల్ గావాలె. రెండేండ్లు ఎనక్కి చూడున్రి."

గుమాస్తా లోపలికి వెళ్ళి, ఈసారి నంబరుతో తిరిగొచ్చాడు. దరఖాస్తు మీద కోర్టు ఫీజు బిళ్ళ అంటించి ఇచ్చాం. కొన్నాళ్ళకు ముద్రలతో నకలు చేతికి వచ్చింది. రిజిస్ట్రేషన్ అయిన రోజు దస్తావేజులో "సత్తెమ్మ, తండ్రి రాజయ్య" అన్న చోట వేలు పెట్టి, "గిది సదువు పిల్లా, గట్టిగ," అని నా చేత చదివించింది. ఇల్లు చేతికొచ్చినందుకంటే ఆ పంక్తికే ఎక్కువ సంతోషించింది. ఆ ఇంట్లో ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా, రాణిలా బతికింది.

ఆ ఇంట్లోకే ఆమె తమ్ముడు, మొన్న శవం ఇంకా కదలకముందే, ఆ భర్తను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన్నెందుకు తెచ్చావని తమ్ముణ్ణి పక్కకు పిలిచి అడిగాను. తమ్ముడు దుర్మార్గుడు కాదు. ఏడ్చి ఏడ్చి ఉన్నాడు. "మొగడు బతికుండంగ అక్కను ముండమోసినట్టు ఎట్ల సాగదోల్త చెల్లె? ముత్తైదువ లెక్క పోతే ఆమెకే గద పుణ్యం? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. ఎన్నడో తీసేసిన మెట్టెలు మళ్ళీ ఆ కాళ్ళకు తొడిగారు. చేతుల నిండా గాజులు వేశారు. ఆ భర్తే వచ్చి ఆమె నుదుట కుంకుమ పెట్టాడు. నిర్మాతలు, దర్శకులు, ఆమె కథ తెలిసినవాళ్ళే, వరసగా వెళ్ళి ఆయనకు చేతులు జోడించి సానుభూతి తెలిపారు. ఆడవాళ్ళు, "అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది," అంటూ ఆమె నుదుటి కుంకుమ తీసుకుని తమ నుదుట పెట్టుకున్నారు. వరసలో నా వంతు వచ్చింది. నేనూ పెట్టుకున్నాను.

ఇంటికి వెళ్ళి ఎంత కడిగినా ఆ బొట్టు నా నుదుట ఉన్నట్టే ఉంది. సత్తెమ్మగారి వంటి స్వరసంపద, ఉచ్చారణ, ఆత్మగౌరవం మా రంగంలో మళ్ళీ చూడబోము. ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు. ఆ స్థానం భర్తీ కాదని ఆ రోజే, ఆ ఇంట్లోనే రుజువైంది. అక్కా, నీ చుట్టూ చేరినవాళ్ళలో డబ్బింగ్ కళాకారులమే ఎక్కువమంది ఉన్నాం. ఊరందరి తరఫునా మాట్లాడి పొట్టపోసుకునేవాళ్ళం. నీ తరఫున ఒక్క ముక్క మాట్లాడ్డానికి మాలో ఒక్కరికీ గొంతు రాలేదు.