దారంతో కొలిచిన దూరం

సూరత్‌లోని లింబాయత్‌లో మా మగ్గాల షెడ్డులో నూలు లెక్కలు చూసేది నేనే. పెద్ద చదువేమీ లేదు. కొలవడం, భాగించడం సొంతంగా నేర్చుకున్నాను. షెడ్డు గోడకు ఒక దేశపటం ఉంది. ఎవరైనా ఊరికి బయలుదేరితే దానిమీద నూలుపోగు పరిచి, ఎంత దూరమో ఎంతసేపో చెప్పడం నాకు సరదా.

మొన్న పెళ్లిళ్ల రోజుల్లో మగ్గం నడిపే ఒకతను వచ్చాడు. సిరిసిల్ల దగ్గరి పల్లెలో అతని అక్క కూతురి పెళ్లి. మేనమామ అతనొక్కడే. పిల్లను గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకురావలసింది అతనే. గంపలో పరచడానికి తన మగ్గంమీద నేసి, రంగు వేయించిన ఎర్రగుడ్డ కూడా సిద్ధం చేసుకున్నాడు.

"ముందురోజే రైలుకు పోత అన్నా. దినాలెక్కువైతయని సేఠ్ గరమైతడు గానీ."

"విమానముండంగ రైలెందుకు? పెండ్లి రోజు పొద్దుగాల ఎక్కు. ఆగు, చెప్త."

పోగు పరిచాను. సూరత్ నుంచి హైదరాబాద్ విమానాశ్రయానికి ఏడువందల ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. విమానం వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కొంత కలిపి, గంటన్నర అన్నాను. అక్కడి నుంచి ఊరికి మళ్లీ అదే పోగు. కారు వేగంతో భాగిస్తే రెండు గంటలు.

"ముహూర్తానికి ఇంకో గంట మిగుల్తది."

"మిగిలిన గంట ఏం జెయ్యాలె?"

"తల దువ్వుకో. మామవి గదా!"

విమానం దిగగానే ఫోన్ చేశాడు. "నీ లెక్క పక్కా అన్నా!" షెడ్డంతా తిరిగి చెప్పుకున్నాను.

తర్వాతి ఫోన్‌లో గొంతు మారింది. "ఇంకా పట్నంలనే ఉన్న అన్నా. గాడీ కదుల్తలేదు."

అప్పుడు పటం దగ్గరికి వెళ్లి చూశాను. విమానాశ్రయం నగరానికి దక్షిణాన, అతని ఊరు ఉత్తరాన. నడుమ నగరమంతా ఉంది. నా పోగు దాన్ని గోరంత మేరలో దాటేసింది. విమానం పోగులాగే తిన్నగా పోతుంది. కారు పోదు. ఆకాశానికి వేసిన లెక్కనే రోడ్డుకూ వేశాను.

ముహూర్తం ఆగలేదు. పిల్ల చిన్నాన్న గంప ఎత్తాడు.

అతను తిరిగి వచ్చాడు. నేనే అడిగాను. "పిల్ల ఏమన్నది?"

"ఏమంటది? 'నేను బరువుంటనని తప్పించుకున్నవ్ గద మామా' అని నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్చింది." తెగిన పోగు ముడేస్తూ మళ్లీ అన్నాడు. "విమానందాకైతే నీ లెక్క కరెక్టే అన్నా."

రైలుకు పోతానన్నవాణ్ణి ఆపింది నేను. అడగకుండానే ఆపాను.

ఆ ఎర్రగుడ్డ ఇప్పుడు అతని మగ్గంమీద, దుమ్ము పడకుండా కప్పి ఉంటుంది. పొద్దున పనిలోకి రాగానే దాన్ని తీసి, మడిచి, పక్కన పెడతాడు. ఆ సమయంలో నా వైపు చూడడు. ఒక్కసారి చూసి రెండు మాటలు తిట్టినా బాగుండేది.