చచ్చిన పిల్లిని తినొద్దన్న మిస్త్రీ

మా ప్యాటర్న్ షాపు పెద్ద మిస్త్రీ పోయారని నిన్న భాలుబాసా బస్తీ నుంచి కబురొచ్చింది. ఇనుము పోతపోసే ముందు ఆ వస్తువును చెక్కతో చేసే చోటు మాది. ఆయన తండ్రి కాంటన్ నుంచి కలకత్తా వచ్చిన వడ్రంగి. మీలో చాలామంది ఆయన్ని చీనా మిస్త్రీగానే ఎరుగుదురు. నాకు మాత్రం గురువు.

నేను అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో, చిత్రిక పడుతూ పడుతూ తన భాష నేర్పారు. కుశల ప్రశ్నలు కావు, పనిలో జరిగే దగాలకు పెట్టిన మాటలు! పని ఎగ్గొట్టేవాడు ‘సే వోంగ్’, పాముల రాజు. కాసేపు మాయమైతే ‘తౌ గాయ్’, కోడిని దొంగిలించడమన్నమాట. సూపర్‌వైజరు అటు వెళ్తుంటే మెల్లగా “సే వోంగ్” అనేవారు. నాకు నవ్వాగేది కాదు.

“మీ వోళ్ళంతా దొంగలేటి మిస్త్రీ?” అని ఆటపట్టిస్తే, “చోర్ తో సబ్ జగహ్ హై బేటా. హమ్ లోగ్ నామ్ రఖ్ దియా,” అనేవారు. దొంగలు అంతటా ఉన్నారు, పేర్లు పెట్టింది మాత్రం వాళ్ళట.

ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకే మా కొలబద్ద మీద అంగుళం కాస్త పెద్దదిగా ఉంటుంది. ఒకసారి సూపర్‌వైజరు మామూలు బద్దతో గీతలు గీసిచ్చాడు. నేను వాటి ప్రకారమే చెక్క కోశాను. పోతలన్నీ చిన్నవైపోయాయి. అతను నాకు వరసకు మావయ్య, ఉద్యోగం వేయించినవాడు.

“ఒరే బాబూ, కొలత నువ్వే తప్పెట్టావని సెప్పేయ్. కొత్తోడివి, తిట్టి ఒగ్గేత్తారు,” అన్నాడు.

నేనింకా పర్మనెంట్ కాలేదు. ఇంటికే పంపేస్తారని తెలుసు. అయినా మొహమాటంతో తలూపాను.

మిస్త్రీ విన్నారు. “సిక్ సేయ్ మావ్! మరీ హుయీ బిల్లీ మత్ ఖా,” అన్నారు. ఒకరి తప్పు ఇంకొకరు నెత్తిన వేసుకుంటే, వాళ్ళ భాషలో చచ్చిన పిల్లిని తినడమట.

మేనేజరు పిలిస్తే నా వెంట మిస్త్రీ కూడా గదిలోకి వచ్చారు. గీతలు గీసింది సూపర్‌వైజరేనని, తను పక్క బల్ల దగ్గరే ఉన్నానని మిస్త్రీ చెప్పేశారు. చైనా యుద్ధం తర్వాత ఏటేటా ఠాణాకు వెళ్ళి, ఇక్కడ ఉండనివ్వమని అడగాల్సిన మనిషాయన. గిట్టనివాడు ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, దేశం దాటించేసేవారు. తెలిసే చెప్పారు. నా ఉద్యోగం నిలిచింది. ఇవాళ నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆయన చలవే.

భోజనాల దగ్గర ఏ భాషవాళ్ళు ఆ భాషవాళ్ళతో కూర్చునేవారు. మిస్త్రీ ఒంటరిగా తినేవారు. మర్నాడు మా తెలుగువాళ్ళు, మావయ్య గుడ్లురుముతున్నా సరే, డబ్బాలు పట్టుకుని ఒక్కొక్కరే ఆయన బల్ల దగ్గరికి చేరారు.

“ఒక్కరే తింతన్నారేటి మిస్త్రీ, కొంచెం జరగండి!”

చోటు చాల్లేదు. ఆయన తన స్టూలు ఎవరికో ఇచ్చేసి, చెక్కపొట్టులో నిలబడి, అరచేతిలో మావాళ్ళు పెట్టిన గోంగూర ముద్దతో ఎటు తిరగాలో తెలియక నవ్వుతున్నారు.