నిన్నటి ఎపిసోడ్

ముసలివాళ్ళు కిందపడి తలకు దెబ్బ తగిలించుకుని వస్తే, తెలివి నిలకడగా ఉందో లేదో చూడటానికి డాక్టర్లు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత. మా మేనత్తా డాక్టరే, కానీ ఇవేవీ అడిగేది కాదు.

"రిటైరైనవాళ్ళకి వారంతో పనేముందే? నాకే గుర్తుండి చావదు" అనేది. ఆమె అడిగేది ఒకటే. "నిన్న సీరియల్లో ఏమైంది?"

తొమ్మిదేళ్ళుగా నడుస్తున్న కోడళ్ళ సీరియల్ అది. చూడనివాళ్ళు తక్కువ. అత్త దాంట్లో పండితురాలు. ఆస్పత్రిలో లిఫ్ట్ నడిపే ఆయన కూడా ఆమెనే అడిగేవాడు.

"డాక్టరమ్మా, పెద్దకోడలి తల్లి మారినట్టుందేంటి?"

"మారక! ముక్కు చూస్తే తెలియట్లా? పాతావిడ వేరే ఛానల్‌కి పోయింది."

మా నాన్న ఏడిపించేవాడు. "మా అక్క దగ్గర ఏ రోగమైనా సరే, ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఆగాల్సిందే." నిజానికి ఆ వేళకి ఆమె ఎక్కువగా వార్డులోనే ఉండేది. మర్నాడు భోజనం చేస్తూ ఫోన్లో చూసుకునేది. కానీ 'చూడలేదు' అనే మాట మాత్రం ఆమె నోట ఎవరూ వినలేదు.

ఒక దర్జీ బాత్రూములో జారిపడి వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళు, రక్తం పలచబడే మందు వాడుతున్నాడు. మొదటి స్కాన్‌లో ఏమీ లేదు. రెండు రోజులు ఉంచి, మూడో రోజు పొద్దున పంపేద్దామనుకున్నారు. అప్పుడు నర్సు అంది:

"మేడమ్, ఇందాక నన్ను వాళ్ళ చెల్లెలనుకున్నారు. మళ్ళీ ఓసారి స్కాన్ తీయిద్దామా?"

స్కాన్ గది ముందు జనం బారులు తీరి ఉన్నారు. అత్త ఆయన మంచం అంచున కూర్చుంది.

"ఏం మాస్టారూ, నిన్న సీరియల్లో ఏమైంది?"

"ఇంకేముంది డాక్టరమ్మా! చిన్నకోడలు వీలునామా తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టింది. వకీలు ఆపబోయి మెట్లమీంచి దొర్లాడు. నాకంటే ఘోరంగా పడ్డాడనుకోండి!"

నర్సు కూడా నవ్వేసింది. ముందురోజు సాయంత్రమంతా అత్త ఎమర్జెన్సీలో నిలువుకాళ్ళ మీద ఉంది. ఆ మాట చెప్పడానికి ఆమెకు నామోషీ అనిపించింది.

"అవునవును, నేనూ చూశాను. వాడికి అలాగే కావాలి."

దుప్పటి మడతపెడుతున్న ఆయన కూతురు చటుక్కున తలెత్తింది. ఏదో అనబోయి మానుకుంది. అత్త కాగితం మీద 'ప్రశ్నలకు సరైన సమాధానాలు, ఇంటికి పంపవచ్చు' అని రాసి సంతకం చేసింది.

ఒంటిగంటకు క్యారేజీ విప్పి ఫోన్ తెరిస్తే కొత్త ఎపిసోడ్ లేదు. ముందురోజు ఆ వేళకి మ్యాచ్ వేశారట, సీరియల్ రానేలేదు. వీలునామా సంగతి వెతికితే ఆరేళ్ళ కిందటి ఎపిసోడ్‌లో దొరికింది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కూతురి నంబరు కాగితాల్లో ఉంది. లేచి వార్డు దాకా వెళ్ళింది. ఆయన మంచం అప్పటికే ఖాళీగా ఉంది. ఫోన్ చేసి ఏమని చెప్పాలి? చూడకుండానే చూశానన్నాననా? ముసలాయన, పాతదీ కొత్తదీ కలిపేసి ఉంటాడులే అనుకుంది. ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళిన రెండో రోజున ఆయన్ని స్పృహ లేకుండా తెచ్చారు. తలలో రక్తం సన్నగా కారుతూనే ఉందట. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. మాట పోయింది. కత్తెర చేతికిస్తే ఎటు పట్టుకోవాలో తెలియదు.

విచారణ పది నిమిషాల్లో ముగిసింది. పెద్ద డాక్టరు కాగితం చదివి, తప్పేమీ లేదన్నాడు.

"సార్, నేనడిగిన ప్రశ్న..."

"సరిగ్గా చెప్పాడని నువ్వే రాశావుగా? ఎవరూ అడగనిదాన్ని నెత్తికెత్తుకోకు. పోయి పని చూసుకో."

అత్త పని చూసుకోలేదు. తిన్నగా ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది. కూతురు చెంచాతో జావ పోస్తోంది.

"ఆరోజు నేను సీరియల్ చూడలేదమ్మా. అబద్ధం చెప్పాను."

"అది పాత కథని నాకప్పుడే తెలుసు మేడమ్" అంది ఆ అమ్మాయి, ఇటు తిరక్కుండానే. "చెప్పబోయాను కూడా. అంతలో మీరూ చూశానన్నారు. చదువుకున్నవాళ్ళు, మీకు తెలుస్తుందిగా, ఎక్కడో మళ్ళీ వేసుంటారేమో, నాన్న నా ఫోన్లో చూశారేమో అనుకుని నోరు మూసుకున్నా."

"ఆ మధ్యాహ్నం నాకు తెలిసిపోయింది. ఒంటిగంటకి. అయినా నీకు ఫోన్ చేయలేదు."

తండ్రి గడ్డం మీద కారిన జావను తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"ఒంటిగంటకా? మందుల దగ్గర లైను పెద్దదని, మూడింటి దాకా మేం కిందే కూర్చున్నాం మేడమ్."