కంట్లో చుక్క, ఎసట్లో ఉప్పు

2023 ఎండాకాలం. జనగామ బస్టాండు నుంచి నడిచి పోయేంత దూరంలో, కింద బట్టల దుకాణం, పైన మా కంటి దవాఖాన. అక్కడ నేను ఆప్తాల్మిక్ అసిస్టెంట్‌ని. అంటే డాక్టర్ మేడం గదిలోకి పోకముందు చూపు పరీక్ష చేసేదీ, బయటికొచ్చాక మందు ఎట్లా వేసుకోవాలో చెప్పేదీ నేనే. ఆ రెండింటి మధ్య జరిగేది మాత్రమే మేడం పని అని అందరికీ చెప్పుకుంటాను, మేడం దగ్గర లేనప్పుడు.

ఇన్నేళ్లలో నేను చూసిన కళ్లను పక్కపక్కన పేరిస్తే జనగామ నుంచి కాజీపేట దాకా రైలు పట్టా పొడవునా సరిపోతాయి. మా ఆయన ఒప్పుకోడు. రఘునాథపల్లి కూడా దాటవంటాడు. సరే, రఘునాథపల్లి దాకానే అనుకోండి. అన్ని కళ్లలోనూ నాకు బాగా గుర్తున్నవి యాకూబ్ చాచావి.

యాకూబ్ చాచాది దేవరుప్పుల. దావతులకు వండే మాస్టరు. ఆయన అక్కడ బగార అన్నం మూత తీస్తే పాలకుర్తికి పోయే బస్సులో వాళ్లు మధ్యలోనే దిగిపోయేవాళ్లని చెబుతారు. చెప్పేది ఎక్కువగా నేనే. కళ్లు ఎర్రబడి, ఇసుక పోసినట్టు గరగరలాడుతున్నాయని ఆ ఏడు మా దగ్గరికొచ్చాడు.

షిర్మర్ టెస్ట్ చేశాను. సన్నటి కాగితం పట్టీని కింది రెప్పలో పెట్టి, కన్నీళ్లు దాన్ని ఎంత దూరం తడుపుతాయో చూసే పరీక్ష అది. చాచా పట్టీ పెట్టింది పెట్టినట్టే పొడిగా బయటికొచ్చింది.

"చాచా, నీ కండ్లల్ల నీళ్లే లేవు."

"ఎట్లుంటయి బేటీ? చిన్నప్పటిసంది ఉల్లిగడ్డల ముంగట కూసున్నోన్ని. ఎప్పుడో అయిపోయినయి."

కట్టెల పొయ్యి సెగ, పొగ, పైగా వయసు. మేడం డ్రై ఐ అని తేల్చి రెండు సీసాలు రాసింది. తెల్ల మూతది కృత్రిమ కన్నీళ్లు. కళ్లు మండినప్పుడు, పొగ తగిలినప్పుడు అది వేసుకోవచ్చు. నీలం మూతది అసలు మందు. కన్ను ఎండిపోవడం వల్ల లోపల వచ్చే వాపును మెల్లమెల్లగా తగ్గిస్తుంది. పొద్దునొకసారి, రాత్రొకసారి, అంతే. దాని గుణం వారాలు గడిస్తే గాని తెలియదు. వేయగానే మండుతుందనీ, కాసేపు మసకగా కనిపిస్తుందనీ, కొందరికి నోరు చేదెక్కుతుందనీ అన్నీ చెప్పాను. చాచా బుద్ధిగా తలూపాడు.

కొన్ని వారాలకు మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. నీలం మూత సీసా నా బల్ల మీద పెట్టాడు.

"గిది నాకొద్దు. నా నాలుక పోయింది."

చాయ్ తాగితే తుప్పు నీళ్లు తాగినట్టుందట. ఖర్జూరం తింటే నోట్లో మేకు పెట్టుకున్నట్టుందట. అదైనా ఓర్చుకునేవాడే, కానీ ఘనపూర్‌లో పుట్టువెంట్రుకల దావత్‌కు వండాడు. బగార అన్నానికి నీళ్లు మరిగించి, మసాలా, ఉప్పు వేసి, బియ్యం పోయకముందే మాస్టరు గరిటెతో ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూస్తాడు. దాన్నే ఎసరు చూడడం అంటారు. ఒకసారి బియ్యం పడ్డాయంటే ఇక దిద్దేదేమీ ఉండదు. అందుకే ఒక పొయ్యి దగ్గర ఎసరు ఎవరు చూస్తే వాళ్లే మాస్టరు. మిగతావాళ్లు ఆ గరిటె ముట్టరు.

ఆ రోజు చాచా నాలుకకు ఉప్పు తగల్లేదు. ఇంకొంచెం వేశాడు. అప్పటికీ తగల్లేదు. మళ్లీ వేశాడు.

ఆ దావత్ సంగతి నా దాకా వచ్చేసరికి ఎట్లా తయారైందంటే, మొదటి ముద్ద నోట్లో పెట్టినవాళ్లు పెట్టినట్టే లేచి బోరింగు దగ్గర లైను కట్టారట, సాయంత్రానికి బోరు ఎండిపోయిందట. నేను దానికి ఒక బర్రెను కూడా కలిపాను, ఇక్కడ వదిలేస్తున్నాను. ఎందుకంటే చాచా చెప్పింది వేరే.

"ఎవలన్న తిట్టిండ్రా చాచా?" అని అడిగాను.

"తిడితె మంచిగుండేది బేటీ. ఎవలు ఒక్క మాటనలే. ముద్ద మధ్యల పెరుగు అడిగిండ్రు."

మేడం స్లిట్ ల్యాంప్ దగ్గర కూర్చోబెట్టింది. కంటిని పెద్దది చేసి చూపే యంత్రం అది. పసుపు రంగు చుక్క వేసి చూస్తే నల్లగుడ్డు మీద గీరుకుపోయిన చోట్లు మెరుస్తాయి. చాచా కళ్లలో అవి ఇంకా చల్లినట్టు ఉన్నాయి.

"మందు మానొద్దు. గీతలు పుండైతే మచ్చ పడుతుంది. ఆ మచ్చ పడ్డ చోట చూపు మళ్లీ రాదు. కొన్నాళ్లు వంటే మానుకోండి," అంది మేడం.

"మేడం, కండ్లు మసకైతె గూడ నా చెయ్యి ఆడుతది. నాలుక లేకుంట ఎసరెట్ల చూడాలె? ఎసరు చూడనోడు మాస్టరెట్లయితడు?"



చాచాను బయటికి తీసుకొచ్చి చుక్క వేసుకునే పద్ధతి నేర్పించాను. కంటి లోపలి మూలలో, ముక్కు పక్కన, సన్నటి రంధ్రముంటుంది. కన్నీళ్లు అక్కడి నుంచి ముక్కులోకి, ముక్కు నుంచి గొంతులోకి దిగుతాయి. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. కంట్లో వేసిన మందు నాలుకకు చేరేదీ ఆ దారినే. అందుకని ఒక్క చుక్కే వేసుకుని, కళ్లు మెల్లగా మూసి, ఆ మూలను వేలితో ఒత్తి పట్టుకోవాలి. దీన్ని పంక్టల్ అక్లూజన్ అంటాం. పేరు పెద్దది గాని పని మాత్రం వేలు పెట్టడమే.

"ఎంతసేపు పట్టాలె?"

"నెమ్మదిగ ఒక దువా చదివినంత సేపు."

"పెద్దదా, చిన్నదా?"

"పెద్దదే చదువు. పుణ్యం, పురుషార్థం."

చాచా నవ్వలేదు. అప్పుడు నాకు భయమేసింది. నా మాటకు నవ్వనిది ఆయన ఒక్కసారే.

"రెండు పూటలా వేస్తున్నవా మరి?" అని అడిగాను.

"ఏస్తున్న బేటీ. నీ మీదొట్టు."

ఆ జవాబే నన్ను కుదురుగా ఉండనీయలేదు. పొద్దున వేసిన చుక్క మధ్యాహ్నం ఎసరు దాకా నాలుక మీద అంత గట్టిగా ఎట్లా కూర్చుంటుంది? మేడంను అడిగాను. "కొందరికి ఉండొచ్చు. తగ్గకపోతే మందు మారుద్దాం. తనంతట తాను మాత్రం మానొద్దని చెప్పు," అంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ నెలలోనే డోర్నకల్‌లో మా అక్క భర్త, రాజేశం బావ, రైల్వే నుంచి రిటైరవుతున్నాడు. దావత్‌కు యాకూబ్ చాచాను కుదిర్చింది నేనే. చాచా ఇంకో మాస్టరును చూసుకొమ్మన్నాడు. బావకు ఫోన్ చేసి చెబితే ఆయన మొండికేశాడు.

"ఎర్ర సిగ్నల్‌కు ఆగుత గని ఉప్పుకు ఆగ. యాకూబ్ రాకుంటె నేను రిటైరే కాను. డిపార్ట్‌మెంటుకు రాసిస్త."

చివరికి చాచా ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఎసరు నేను చూడాలి. ఆయన గరిటె ఆయన చేత్తో నాకు ఇవ్వడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. సరేనన్నాను. ఇంట్లో ఉప్పు తక్కువ తినే బీపీ మనిషినని మాత్రం చెప్పలేదు.

దావత్ రోజు బావ వాళ్ల ఇంటి వెనక పొయ్యి పెట్టారు. కట్టెలు కొంచెం పచ్చివి, పొగ గుప్పుగుప్పున లేస్తోంది. చాచా భార్య ఖైరున్ చాచి ఓ మూల కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. నేను ఎందుకైనా మంచిదని పొద్దున్నుంచీ చాచా పక్కనే తిరుగుతున్నాను. ఎసరు మసలుతోంది. గాలి తిరిగి పొగ మొత్తం చాచా మొహాన కొట్టింది. చాచా రెండడుగులు వెనక్కి వేసి, అంగీ జేబులోంచి సీసా తీసి, తల పైకెత్తి, ఈ కంట్లో, ఆ కంట్లో ధారగా పిండుకుని, కళ్లు గట్టిగా బిగించి "హా... పట్టింది!" అన్నాడు. తర్వాత గరిటె కోసం చెయ్యి చాపాడు.

మూత నీలంది.

"చాచా! ఆగు! అది పొద్దున, రాత్రి వేసేది గద?"

"గా రెండు పూటలు గూడ ఏస్తున్న. గిది పొగకు."

"పొగకు తెల్ల మూతది వేయమని చెప్పిన గద."

"అది వట్టి నీళ్లు బేటీ. ఏస్తె ఏసినట్టే తెల్వది. గిది చూడు, పడంగనే భగ్గుమంటది. మంట పెట్టని మందు ఏం మందు? కారం లేని కూరలెక్క."

"ఎన్నిసార్లు వేస్తున్నవ్?"

"పొగ ఎన్నిసార్లొస్తె గన్నిసార్లు."

"ఆ తెల్ల మూతది ఎక్కడున్నది?"

ఉల్లిగడ్డల వెనక నుంచి చాచి అందుకుంది. "మా మేకపిల్లకు కండ్లల్ల పుసులు పడుతున్నయని దానికి పోస్తుండు సిస్టరమ్మా. దాని కండ్లు చూడాలె నువ్వు, సుర్మా పెట్టినట్టు మెరుస్తున్నయి."

మేకకు కన్నీళ్లు, మనిషికి మంట. ఎసరు చూసే ప్రతిసారీ, చూడబోయే ముందరే, పొగ వస్తుంది కాబట్టి చుక్కలు పడుతున్నాయి. అవి ముక్కులోంచి దిగి సరిగ్గా ఎసరు నాలుకకు తాకే వేళకు అక్కడికి చేరుతున్నాయి. ఘనపూర్‌లో జరిగిందీ అదే.

"మంట తీయించు చాచా. కట్టెలు వెనక్కు గుంజు."

"పాగల్ అయినవా? సుట్టాలొస్తుండ్రు!"

"రానియ్. కూసుంటరు."

బావను పిలిచి మేడం రాసిన చీటీ ఫోటో చూపించాను. ఆయన స్కూటర్ మీద పోయి కొత్త తెల్ల మూత సీసా తెచ్చాడు. చాచాను పొగ రాని వైపు మంచం మీద కూర్చోబెట్టి అది వేశాను. నోరు పుక్కిలించమన్నాను. ఇక చేసేదేమీ లేదు, ఆగడమే. వచ్చినవాళ్లంతా రైల్వేవాళ్లు. అన్నం ఆలస్యమని తెలిసినా ఎవరూ విసుక్కోలేదు. అలవాటైన వాళ్లు. పాత గార్డు ఒకాయన మాత్రం పొయ్యి దాకా వచ్చి అడిగాడు.

"రాజేశం, మీ ఎసరు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తది?"

"అవుటర్ల ఆగింది. లైన్ క్లియర్ అయితుంది, కూసో," అన్నాడు బావ.

ఎంతసేపు ఆగామో నేను చెబితే మీరు నమ్మరు. డోర్నకల్‌లో అడిగితే తెల్లారిందని చెబుతారు. ఎండ ఇంకా నెత్తి మీదనే ఉంది, అదొక్కటీ నిజం.

మళ్లీ కట్టెలు ముందుకు జరిపారు. ఎసరు మసిలింది. చాచా గరిటె అందుకుని, ఒక క్షణం చూసి, నా వైపు చాపాడు.

"నువ్వే చూడు బేటీ. నాకు భయమైతుంది."

"ముందు నువ్వు. నాకు బీపీ చాచా, నేను చెప్పిన ఉప్పుతోని మళ్ల పెరుగు అడుగుతరు."

అరచేతిలో చుక్క వేసుకున్నాడు. నాలుకకు తాకించి కళ్లు మూసుకున్నాడు. చాచి చేతిలో కత్తి ఆగింది.

"తుప్పు జర ఉన్నది," అన్నాడు. ఇంకో చుక్క వేసుకున్నాడు. "గని ఉప్పు దొరికింది బేటీ. ఉప్పు ఉప్పులెక్కనే ఉన్నది." వెంటనే గొంతు పెరిగింది. "తక్కువున్నది! ఎవడేసిండు గింత తక్కువ?"

"నువ్వే వేసినవ్," అంది చాచి.

ఇంకో గుప్పెడు ఉప్పు వేశాడు. బియ్యం పోశారు. ఆ మధ్యాహ్నం డోర్నకల్‌లో ముద్ద మధ్యలో ఎవరూ పెరుగు అడగలేదు. చాచా బంతుల మధ్య తిరుగుతూ ప్రతి విస్తరి వైపూ చూస్తూనే ఉన్నాడు, అడుగుతారేమోనని.

జనగామకు రాగానే జరిగిందంతా మేడంకు చెప్పాను. ఆవిడ చాచాను పిలిపించి కళ్లు మళ్లీ చూసింది. అదే మందు, అవే రెండు పూటలు కొనసాగించమంది. చాచా ఇప్పుడు నీలం మూతది తెల్లవారుజామున నమాజ్‌కు ముందు ఒకటి, పొయ్యిలన్నీ ఆరినాక రాత్రి ఒకటి, కంటి మూల ఒత్తి పట్టుకుని వేస్తాడు. జేబులో ఉండేది తెల్ల మూతది. మంట చాలా రోజులు ఉంది, తర్వాత తగ్గింది. నోట్లో తుప్పు పొద్దున చాయ్ దాకా ఉండేది, అదీ పలచబడింది. నెలలు పట్టింది గాని, నల్లగుడ్డు మీది గీతలు మాసిపోయాయి. మేకపిల్లను పశువుల దవాఖానకు పంపించాం. దాని సీసా దానికుంది.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. మందు మన నోటి మాట ప్రకారం నడవదు, వాడేవాళ్ల పని ప్రకారం నడుస్తుంది. ఘాటును మంటతో కొలిచే మనిషికి రెండు సీసాలిస్తే, మండేదాన్నే నమ్ముతాడు. అందులో తెలివితక్కువతనం లేదు. ఆయన జీవితమంతా ఆ కొలతతోనే వేల మందికి అన్నం పెట్టాడు. అందుకే అప్పటి నుంచి చుక్కల మందు వాడే ఎవరినీ "వేస్తున్నవా?" అని అడగను. అందరూ వేస్తున్నామనే అంటారు, నిజమే చెబుతారు. సీసా చేతికిచ్చి నా ముందే వేసుకోమంటాను. వేసుకుంటుంటే అడుగుతాను.

"ఇది వేసినాక ఏం పనికి లేస్తవ్?"