గిద్దలూరులో పాట వినడం నేర్చుకున్న రోజు

మా చర్చిలో పాడే కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. మా దొనకొండ వైపు వాటినెవరూ పట్టించుకోరు. పెద్దవాళ్లు పాడిన వరసలో పాడేసి కూర్చుంటాం. మా అక్క సునీత ఒక్కతే వాటి అర్థమేమిటని అందరినీ అడిగింది. ఎవరూ చెప్పలేకపోతే గిద్దలూరులో సంగీతం టీచరమ్మను వెతుక్కుంటూ పోయి, కూలి పనుల మధ్యే శనివారాలు నేర్చుకుంది. పోయిన చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. సాధన చేస్తూ ఫోనులో రికార్డు చేసుకున్న పాటలు మాకు మిగిలాయి. అమ్మ రోజూ అవే వింటుంది. చివరిదాకా హాయిగా పాడిందని, బిడ్డ పెద్దగా బాధపడకుండానే పోయిందని అనుకుంటుంది. ఆ నమ్మకంతోనే అన్నం తింటోంది. నాకు మాత్రం ఆ పాటల్లో ఏం వినాలో తెలియక, అక్క అంతగా ఇష్టపడినది నాకు అందకుండా పోతోందని దిగులు. అందుకే బయలుదేరాను.

దొనకొండలో ఉదయం ప్యాసింజరు ఎక్కితే మార్కాపురం రోడ్డు స్టేషను, కంభం మీదుగా గిద్దలూరుకు రెండు గంటల పైనే పడుతుంది. టికెట్టు ఖర్చు టిఫిను కంటే తక్కువ. మార్కాపురం రోడ్డు దాటాక కూర్చోవడానికి చోటు దొరికింది. ఇదే దారిలో అక్క ఒంటరిగా ఎన్నిసార్లు వచ్చిపోయిందో అనుకుంటే ఏడుపు ఆగలేదు. ఎదురు సీట్లోని పెద్దావిడ నీళ్ల సీసా అందించింది.

స్టేషను నుంచి ఆటోకు ఇరవై రూపాయలు. టీచరమ్మ ఇల్లు డ్రైవరుకు తెలుసు. "పాట ఎవరు నేర్చుకుంటాండరక్కా?" అన్నాడు. నేనే అన్నాను. అద్దంలో ఒకసారి చూసి ఆటో తిప్పాడు.

సునీత చెల్లెలినని చెప్పుకున్నాను, అయినా టీచరమ్మ మొదట ఏ పాటా వినిపించలేదు. తంబూర నాదమిచ్చే శ్రుతిపెట్టె ఒక్కటే పెట్టి, పాటకు ఇదే నేల అంది. ఆ నేలను ఎంత ఎత్తులో పెట్టుకోవాలో ఎవరి గొంతును బట్టి వాళ్లు ఎంచుకుంటారట. తర్వాత ఆదితాళం. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, తిప్పడం, మళ్లీ దెబ్బ, తిప్పడం. చెయ్యి తిప్పాల్సిన చోటల్లా నేను చర్చి అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టేశాను. ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

భోజనమయ్యాక అక్క రికార్డులు పెడతానన్నాను. ఒకే కీర్తన, కొత్తలో పాడినది ఒకటి, పోయేముందు పాడినది ఒకటి. రెండోది వద్దులేమ్మా అంది టీచరమ్మ. నేను ఆమె మాట వినలేదు. పెట్టగానే నాకే తెలిసిపోయింది. మొదటిదానికంటే నేల కిందికి దిగింది. మాట పూర్తికాకముందే అక్క గాలి పీల్చుకుంటోంది. ఇన్ని నెలలుగా వింటున్నా ఒక్కసారీ నాకది వినపడలేదు.

"శ్రుతి దించుకుందా మేడం?"

"దించుకున్నది తల్లీ. ఏందమ్మా అంటే జలుబన్నది. కండ్లనీళ్లు పెట్టుకొని, అమ్మకు మాత్రం చెప్పొద్దన్నది."

సాయంత్రం బండికి తిరిగొచ్చాను. "ఏం నేర్చుకొనొచ్చినావే? నాకూ చెప్పు" అంటూ అమ్మ ఫోను తీసింది. చెయ్యి పట్టుకుని తాళం వెయ్యడం నేర్పాను. ఇప్పుడు అమ్మ అక్క పాటకు తాళం వేసుకుంటూ, ఎక్కడా తప్పలేదు చూడు అని మురిసిపోతుంది. తాళం తప్పలేదు, నిజమే. శ్రుతి సంగతి నేను చెప్పలేదు. చెప్పను కూడా.

సంగీతం వినడం వస్తే సంతోషం పెరుగుతుందంటారు. అబద్ధమేమీ కాదు, ఇప్పుడు రేడియోలో ఏ కచేరీ వచ్చినా కాసేపు కూర్చుంటున్నాను. కానీ వినడం వచ్చిన చెవికి ఇది వినిపించు, అది వద్దు అని చెప్పుకోలేం. నాలా నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: మొదటి పాఠానికి మీకు ఏమీ కాని మనిషి పాట తీసుకెళ్లండి.